వెంట్రుక చెక్కిన చెయ్యి

చెల్లీ,

జపాన్ చిత్రకారుడు ఉతమారో చెక్క అచ్చు బొమ్మల గురించి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాటి మీద నీకున్న ఇష్టం ప్రతి వాక్యంలోనూ తెలుస్తోంది. కానీ మొదటి పేజీలోనే ‘అందం’ ఆరుసార్లు వచ్చింది. కలువకళ్లు, చంద్రబింబం కూడా వచ్చాయి. ఆ అమ్మాయి మాత్రం నాకు కనపడలేదు.

1792-93 ప్రాంతపు ఆ బొమ్మనే మళ్లీ చూడు. గళ్ల కిమోనో కట్టుకున్న పడుచుపిల్ల గాజు బూర ఊదుతోంది. ఊదితే పల్చటి గాజు అడుగు కదిలి టప్‌మనే ఆటవస్తువు అది. వెనక గది లేదు, తోట లేదు, అభ్రకం పొడి మెరుపు తప్ప. నడుము దాకా మనిషి, ఆమె చేస్తున్న ఒక్క పని, అంతే. నువ్వు ఆ బూర మాటే ఎత్తలేదు!

ముగ్గురు సుందరుల బొమ్మలో ‘అందరూ ఒకేలా ఉన్నారు’ అని రాశావు. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. టీ కొట్టు ఒకితా, సెంబే అప్పాలమ్మే ఇంటి ఒహిసా, పాటకత్తె తొయొహినా ముగ్గురూ ఎదో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, పేరున్నవాళ్లు. ముక్కు వంపులో, కనురెప్ప వాలులో తేడా వెంట్రుకవాసే, కానీ ఉంది.

1793లో ప్రభుత్వం వేశ్యలు కాని ఆడవాళ్ల పేర్లు బొమ్మల మీద వేయొద్దంది. అప్పుడు ‘నానివాయా ఒకితా’ అనే పేరుని పొడుపుబొమ్మగా మార్చారు. జపనీస్‌లో రెండు కట్టల ఆకుకూర ‘నా-నివా’, బాణం ‘యా’, నడిసముద్రం ‘ఒకి’, వరిమడి ‘తా’. 1796లో దాన్నీ నిషేధించారు. ఇంత కథ ఉండగా చంద్రబింబం ఎందుకమ్మా?

ఇక నుదుటి అంచున జుట్టు. ఈ బొమ్మల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే. చిత్రకారుడు జుట్టు హద్దు గీసి ఇస్తాడు. చెర్రీ చెక్క మీద ఒక్కొక్క వెంట్రుకా తేల్చేది వేరే మనిషి. ఒక వెంట్రుక నిలవాలంటే దానికి రెండువైపులా ఉన్న చెక్కని తీసెయ్యాలి. కత్తి కాస్త జారితే అది పోయినట్టే. బొమ్మ మీద ఉతమారో సంతకం ఉంటుంది, ప్రచురించిన త్సుతాయా జూజబురో గుర్తు ఉంటుంది. చెక్కినవాడి పేరు ఉండదు. అతని చెయ్యి నీ వ్యాసంలో కనపడాలి.

మొత్తం తిరగరాయొద్దు, టెన్షన్ పడొద్దు. ఆ ముగ్గురి ముక్కుల గురించి ఒక్క పేరా రాసి ఆదివారంలోగా పంపు. ఎదురుచూస్తుంటాను.

ప్రేమతో,
అక్క