పోస్టర్ మీద కనపడని వాళ్ల గురించి

తమ్ముడూ,

నువ్వు పంపిన రాతలన్నీ చదివాను. సగం సినిమాల మీద, సగం రాజకీయాల మీద. నీ మొగ్గు ఎటో రెండో వాక్యానికే తెలిసిపోతుంది, దాన్ని దాచుకోవాల్సిన పని లేదు. ఎడమ పక్కన నిలబడి రాసేవాళ్లు తెలుగులో ఎప్పుడూ ఉన్నారు, ఇప్పుడింకా కావాలి. నీ కోపం నాకు నచ్చింది. వెలితి వేరే చోట కనిపించింది.

పెద్ద హీరో సినిమా మీద రాసిన వ్యాసంలో డైలాగుల్లోని దొరతనాన్ని పట్టుకున్నావు, ఆడపిల్లను చూపించిన తీరును కడిగేశావు, టికెట్ రేట్ల మీద మండిపడ్డావు. అన్నీ అనాల్సినవే. కానీ ఆ సినిమాకు చెమటోడ్చిన మనిషి ఒక్కడూ అందులో లేడు. 2025 ఆగస్టులో సినీ కార్మికులు వేతనాలు 30 శాతం పెంచమని షూటింగులు ఆపేశారు. రెండు వారాలు దాటాక, తక్కువ కూలి వాళ్లకు మూడేళ్లలో విడతలవారీగా 22.5 శాతం పెంచేలా ఒప్పందం కుదిరింది. ఆ నెలలో నువ్వు రాసినవన్నీ టీజర్ల మీదే. కార్మికుల పక్షాన రాసేవాడివి, ఆ సమ్మె నీ కళ్ల ముందు నుంచి ఎలా జారిపోయింది?

ఒకరోజు తెల్లారకముందే హైదరాబాద్‌లో సినిమా పనివాళ్లుండే కృష్ణానగర్ వెళ్లు. టీ కొట్టు దగ్గర నిలబడితే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, సెట్ పనివాళ్లు బండి కోసం ఎదురుచూస్తూ కనిపిస్తారు. యూనియన్ కార్డు ఉన్నవాడికీ లేనివాడికీ తేడా ఏమిటో అడుగు. కాల్షీట్ ఎన్ని గంటలు, బత్తా ఏ రోజు చేతికొస్తుంది, మధ్యలో ఎవరెంత పట్టుకుంటారు, ఇవన్నీ అడిగి రాసుకో. అప్పుడు నువ్వు దోపిడీ అన్న మాట వాడకపోయినా చదివేవాడికి అర్థమవుతుంది.

ఇంకొకటి కాస్త గట్టిగానే చెప్తాను. అభిమానులను వెక్కిరించకు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్ థియేటర్ ముందు హీరో కటౌట్‌కు పాలు పోసే కుర్రాడిని పిచ్చివాడంటూ రాశావు. ఆ కుర్రాడు మర్నాడు పొద్దున మనింటికి పార్సిల్ తెచ్చేవాడు కావచ్చు, మొబైల్ షాపులో రోజంతా నిలబడేవాడు కావచ్చు. నువ్వు ఎవరి కోసం రాస్తున్నానంటావో అతనే వాడు. వాడికి ఆ ఒక్క రాత్రి ఎందుకంత ముఖ్యమైందో కనుక్కోకుండా కొట్టిపారేస్తే, నీ వ్యాసం చదివి నవ్వుకునేది నీ స్నేహితులే.

ఉచిత బస్సు మీద రాసినదాంట్లోనూ ఇదే తొందర. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలైంది. నువ్వు దాన్ని ఆకాశానికెత్తావు. నేనూ సమర్థిస్తాను. పొద్దున్నే సిటీ బస్సులో ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపించి, కండక్టర్ చింపి ఇచ్చిన జీరో టికెట్‌ను పర్సులో జాగ్రత్తగా మడిచి పెట్టుకోవడం చూశాను. రోజూ మిగిలే ఆ చార్జీ డబ్బులు వాళ్లింట్లో కూరగాయలకో, పిల్లల నోటుబుక్కులకో పోతాయి. అయితే గిరాకీ పడిపోయిందని ఆటోవాళ్లు రోడ్డెక్కారు కదా, వాళ్లూ రెక్కాడితే గానీ డొక్కాడని వాళ్లే. వాళ్ల గోడు వినిపిస్తే పథకం శత్రువులకు బలమిచ్చినట్టవుతుందని భయపడ్డావేమో. ఆ భయంతో రాస్తే అది కరపత్రమవుతుంది. పథకమూ కావాలి, ఆటోవాళ్లకు దారీ కావాలి అని రాయడం కష్టం. నీ నుంచి నేను కోరేది ఆ కష్టమే.

బస్సుల గురించి రాసేవాడు 2019 తెలంగాణ ఆర్టీసీ కార్మికుల సమ్మె గురించి చదవకుండా ఉండకూడదు. అక్టోబర్ 5 నుంచి 52 రోజులు, దాదాపు 48 వేల మంది. అంతమంది తమ ఉద్యోగాలు తామే వదులుకున్నట్టని అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది, లైబ్రరీకి వెళ్లి కూర్చో. అప్పుడు ఆ ప్రభుత్వాన్ని ఏ మాటలతో నిలదీయాలనిపిస్తుందో, ఇప్పుడు నీకు నచ్చిన పార్టీ అదే పని చేస్తే అవే మాటలు వాడగలవా అని రాసే ముందే తేల్చుకో.

ముందు బస్సు వ్యాసం తిరగరాయి. రాశాక మీ వీధి చివర ఆటో స్టాండులో ఎవరికైనా చదివి వినిపించు. అతను ఎక్కడ అడ్డు తగిలితే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టు. ఆ గీతలు చెరపకుండా నాకు పంపు.

మీ అన్న