బిడ్డతో అమెరికా నుంచి వచ్చేస్తే కిడ్నాప్ అవుతుందా?

ప్రశ్న: అమెరికాలో అల్లుడు కొడుతుంటే భరించలేక మా అమ్మాయి నాలుగేళ్ల బాబుతో గత నెల మా ఇంటికి వచ్చేసింది. బాబు అమెరికా పౌరుడు. అప్పగించకపోతే కిడ్నాప్ కేసులో అరెస్టు చేయిస్తానంటున్నాడు. అక్కడి కోర్టు నోటీసు కూడా వచ్చింది. ఏం చేయాలి?
– ఒక తండ్రి, బొబ్బిలి

జవాబు: అయ్యా, ముందు ఆ ‘అరెస్టు’ భయం సంగతి. దేశం దాటించిన పిల్లలను వెనక్కి పంపడంపై 1980లో కుదిరిన హేగ్ ఒప్పందంలో భారతదేశం చేరలేదు. కాబట్టి అమెరికా కోర్టు ఆదేశం వచ్చినంత మాత్రాన పోలీసులు బొబ్బిలి వచ్చి బాబును తీసుకుపోరు. కన్నతల్లి బిడ్డను తెచ్చుకుంటే, మన కోర్టు నిషేధం ఏదీ లేనప్పుడు, ఇక్కడ సాధారణంగా అది కిడ్నాప్ కాదు. అమెరికాలో మాత్రం నేరం కావచ్చు. అక్కడి 1993 చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలు. అయితే గృహహింస నుంచి తప్పించుకుని వచ్చానని రుజువు చేసుకుంటే అదే చట్టం రక్షణ ఇస్తుంది. ఈ మాట అల్లుడు గారు చెప్పరు.

అంతమాత్రాన ధీమాగా కూర్చోవద్దు. ఆయన ఇక్కడి హైకోర్టులో హెబియస్ కార్పస్ (బాబును కోర్టు ముందుకు తెప్పించమనే పిటిషన్) వేయవచ్చు. విదేశీ కోర్టు ఆదేశాన్ని ఒక అంశంగా మాత్రమే చూడాలి, బిడ్డ సంక్షేమమే ముఖ్యమని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే కోర్టు 2019లో ఒక తెలుగు తల్లి కేసులో పిల్లలను అమెరికా పంపమంది. ఆమె తానే అక్కడ కస్టడీ కేసు వేసి, తర్వాత పిల్లలతో ఇక్కడికి వచ్చింది. పిల్లల సాధారణ నివాసం హైదరాబాదు కాదని, అందువల్ల హైదరాబాదు ఫ్యామిలీ కోర్టుకు విచారణ పరిధి లేదని కూడా సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే గార్డియన్ పిటిషన్‌తో (బిడ్డ సంరక్షణ తనకే ఇవ్వమని ఇక్కడి ఫ్యామిలీ కోర్టును అడగడంతో) మొదలుపెట్టమని నేను చెప్పను.

2005 గృహహింస చట్టం దారి మేలు. బాధితురాలు తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా కేసు వేయవచ్చు, అంటే మీ ఊరి మేజిస్ట్రేటు కోర్టు చాలు. సెక్షన్ 18 కింద రక్షణ, 21 కింద బాబు తాత్కాలిక కస్టడీ, 23 కింద మధ్యంతర ఉత్తర్వులు అడగండి.

అసలు చిక్కు సాక్ష్యం. దెబ్బలు తగిలింది అక్కడ, మీరు ఉన్నది ఇక్కడ. అమెరికా అత్యవసర నంబరు 911కు చేసిన ఫోన్ల రికార్డు, పోలీసు రిపోర్టు, ఆసుపత్రి కాగితాలు, వాట్సాప్ సందేశాలు ఇప్పుడే తెప్పించండి. ఫోను మార్చవద్దు, ఏదీ చెరిపేయవద్దు.

నోటీసును పక్కన పడేయడం చాలామంది చేసే పొరపాటు. అక్కడి న్యాయవాది ద్వారా హింస సంగతి ఆ కోర్టు ముందు పెట్టండి, లేదంటే ఏకపక్షంగా ఆదేశం వస్తుంది. తండ్రిని బాబుతో వీడియోలో మాట్లాడనివ్వండి. బిడ్డను దాచారన్న మాట రాకూడదు.

ఇక్కడి కేసు ఖర్చు భారమైతే విజయనగరంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.