మొదటి పుట నుంచే చదువమ్మా

గుంటూరు

చిరంజీవి లావణ్యకు పెదనాన్న ఆశీస్సులు.

ఈ ఏడాది వారానికొకటి చొప్పున పెద్దల ఆత్మకథలూ జీవితచరిత్రలూ చదవాలని నిశ్చయించుకున్నావనీ, అవి పూర్తయ్యాక ఉద్యోగంలో ఉండాలో మానాలో తేల్చుకుంటానన్నావనీ నిన్న మీ నాన్న ఫోనులో చెప్పాడు. మొదటి మాటకు నా గుండె పొంగింది. మన ఇంట్లో నా తరువాత ఆ పుస్తకాల జోలికి వెళ్ళినవారు లేరు. రెండవ మాట విన్నాక మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే తెల్లవారగానే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

కొత్త పుస్తకాలు మీ బెజవాడలో ఏలూరు రోడ్డు కొట్లలోనూ, పాతవి లెనిన్ సెంటర్ దగ్గరా దొరుకుతాయి. అక్కడ లేనివాటికి రామమోహన గ్రంథాలయంలో అడుగు. పక్కన ఒక నోటుపుస్తకం ఉంచుకో. ఏ పుస్తకమైనా ఎప్పుడు రాసినదో, ఎక్కడ ఆగిందో, ఎవరు రాసినదో ముందే చూసుకో. గాంధీజీ ఆత్మకథ 1925 నుంచి 1929 వరకు నవజీవన్ పత్రికలో వారం వారం వెలువడింది. అయినా కథనం 1921 ప్రాంతంలోనే ఆగిపోతుంది కనుక ఉప్పు సత్యాగ్రహం కోసం అందులో వెతకవద్దు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి ‘నా జీవిత యాత్ర’లో నాలుగవ భాగం ఆయన రాసినది కాదు, తెన్నేటి విశ్వనాథంగారు రాసినది. ఒక మనిషి తన గురించి తాను చెప్పుకున్నదానికీ, ఆయనను ప్రేమించిన అనుచరుడు చెప్పినదానికీ ఉండే తేడా అక్కడ నీకే తెలుస్తుంది.

ఆ పుస్తకం పేరు రాయగానే నా చెయ్యి ఆగిపోతోంది. ఇంతవరకూ మీ నాన్నకు కూడా పూర్తిగా చెప్పని సంగతి నీకు చెప్పాలి.

1974లో నాకు ఇరవై నాలుగేళ్ళు. ఇక్కడే ఒక పొగాకు కంపెనీలో గుమస్తాగా పనిచేసేవాణ్ణి. మా నాన్నగారు అప్పటికే పోయారు; మీ నాన్న ఇంటర్మీడియట్ చదువుతున్నాడు; ఇల్లు గడవడానికి నా జీతమే ఆధారం. ఆ రోజులలో గ్రంథాలయం నుంచి ఆ పుస్తకం తెచ్చుకొని నడిమధ్యలో తెరిచాను. 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో, సైమన్ కమిషన్ బహిష్కరణ రోజున, తుపాకుల ఎదుట ఆయన రొమ్ము విప్పి నిలబడిన ఘట్టం చదివాను. వెనక్కి తిప్పి 1921లో బారిస్టరు వృత్తిని వదిలివేసిన భాగం చదివాను. మిగిలినవి తరువాత చూడవచ్చునని వదిలేశాను. ఆ వారంలోనే మా కంపెనీలో కాటా దగ్గర పనిచేసే ఒక పెద్దాయనకు చేయని తప్పుకు రెండు రోజుల కూలి కోశారు. నేను మేనేజరు గదిలోకి వెళ్ళి అది అన్యాయమని చెప్పాను. అంతవరకూ నేను చేసినది సరైనదేనని ఈనాటికీ నమ్ముతున్నాను. కానీ అక్కడ ఆగకుండా, అదే ఊపులో కాగితం తీసుకొని రాజీనామా రాసిచ్చి బయటికి నడిచాను. పెద్దాయన కూలి తిరిగి రాలేదు. నా జీతం పోయింది.

ఏడు నెలలు నాకు పని దొరకలేదు. మీ నాయనమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. మిరపకాయల గోదాములో తొడిమలు తీసే పనికి వెళ్ళింది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వేళ్ళు ఎర్రగా వాచి ఉండేవి. మజ్జిగ గిన్నెలో చేతులు ముంచుకొని గడప దగ్గర కూర్చునేది. మంట తగ్గాక కొబ్బరినూనె రాసుకునేది. అన్నం చేత్తో కలుపుకోలేక చెంచాతో తినేది. ఒక రాత్రి మీ నాన్నకు జ్వరం వచ్చింది. అమ్మ వాడి నుదుటి మీద చెయ్యి వెయ్యబోయి, పిల్లవాడికి మండుతుందని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది; మోచేతి వంపుతో వేడి చూసింది. దీపం పక్కన కూర్చొని నేనదంతా చూస్తున్నాను.

మరునాడు ఆ పుస్తకాన్ని మొదటి పుట నుంచి మొదలుపెట్టాను. చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పెంచిన సంగతి అందులోనే ఉంది. బారిస్టరుగా ఆయన ఏళ్ళ తరబడి ఎంత ఆర్జించారో, ఆ ఆస్తి అంతా ఆయన నడిపిన స్వరాజ్య పత్రికలో ఎలా కరిగిపోయిందో కూడా ఉంది. ఆయన త్యాగం చిన్నదని నేననడం లేదు, ఎన్నడూ అనను. ఆయన తాను ఆర్జించినదాన్ని వదులుకున్నారు. నేను వదులుకున్నది మా అమ్మా తమ్ముడూ తినే అన్నాన్ని. ఆ తేడా చెప్పే పుటలనే నేను దాటవేశాను.

అప్పటి నుంచి ఎవరి జీవితం చదివినా ఆ ఇంట్లో వంట ఎవరు చేశారు, అద్దె ఎవరు కట్టారు, రోగం వస్తే ఎవరు కూర్చున్నారు అని వెతకడం నాకు అలవాటయింది. వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించారని ఎవరైనా చెబుతారు. వెలికి భయపడి వంటవాళ్ళూ నీళ్ళు తెచ్చేవాళ్ళూ మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి వండి వడ్డించారు. ఆ బిందెలు లేకపోతే పెళ్ళి పందిరిలో ఎవరికి భోజనం పెట్టేవారు?

నీవు ఫోనులో పదిహేను నిమిషాల సారాంశాలు వింటున్నావని కూడా మీ నాన్న చెప్పాడు. అది నాకు నచ్చలేదు, లావణ్యా. సారాంశం చేసేవాడు మొట్టమొదట తీసేసేది ఆ పూటకూళ్ళ ఇంటినీ, ఆ నీళ్ళ బిందెనూ. మిగిలేది నేను నడిమధ్యలో చదివిన రెండు ఘట్టాలే. నెలకు ఒక్క పుస్తకమే పూర్తయినా మంచిదే, మొత్తం చదువు.

మన ప్రాంతం వాళ్ళతో మొదలుపెడితే నీకు సులువుగా ఉంటుంది. గుంటూరు కొండ వెంకటప్పయ్య పంతులుగారి ఆత్మకథా, మీ బెజవాడ అయ్యదేవర కాళేశ్వరరావుగారి ఆత్మకథా పక్కపక్కన పెట్టుకో. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశమైంది నీవు రోజూ తిరిగే ఆ ఊరిలోనే. ఆనాటి సంగతులను ఇద్దరు పెద్దలు ఎలా గుర్తుపెట్టుకున్నారో పోల్చుకుంటూ చదువుతుంటే, ఒక్కరి మాటనే పట్టుకొని పోయే అలవాటు తప్పుతుంది.

ఉద్యోగం మానవద్దని నేను శాసించను. నీ జీవితం నీది, నీవు తెలివైన పిల్లవు. ఏ పుస్తకం మూసిన నెలలోనూ రాజీనామా కాగితం రాయనని మాత్రం నాకు మాట ఇవ్వు. నీ జీతం మీద మీ అమ్మ మందులూ, తమ్ముడి ఫీజూ నడుస్తున్నాయని నాకు తెలుసు. నీవు మానాలనుకున్న రోజున ముందు నాకు చెబితే, ఎన్ని నెలలకు ఎంత కావాలో ఇద్దరం కూర్చొని లెక్క వేద్దాం; నా పెన్షనులోంచి నేనెంత ఇవ్వగలనో కూడా ఆ లెక్కలో వేద్దాం.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. ప్రకాశంగారి పుస్తకం నా ప్రతి తెస్తాను. ఒంగోలు భాగం నీకు నేనే చదివి వినిపించాలని ఉంది. నేను వచ్చేదాకా దాన్ని మాత్రం మొదలుపెట్టకు.

ఆశీర్వాదాలతో,
మీ పెదనాన్న