పరీక్ష చేయించుకోవాల్సింది మీరొక్కరే కాదు

ప్రశ్న: పెళ్లయి ఆరేళ్లయింది, పిల్లల్లేరు. స్కానింగులు, థైరాయిడ్, ట్యూబుల పరీక్ష అన్నీ చేయించుకున్నాను. లోపమేమీ లేదన్నారు. మా వారు మాత్రం ‘నాకేం రోగం?’ అంటూ పరీక్షకు రారు. మా అత్తగారు తన తమ్ముడి కూతుర్ని ఆయనకిచ్చి చేస్తానంటున్నారు. ఆయన అవుననరు, కాదనరు. ఈమధ్య నైజీరియా రచయిత్రి అయోబామి అడెబాయో నవల ‘స్టే విత్ మీ’ చదివాను. అందులోని యెజిడే కథ నాదే అనిపించింది. ఆమెలా నేనూ ఇల్లు వదిలి వెళ్లిపోవాలా?
- ఒక సోదరి, రాజమండ్రి

జవాబు: అమ్మా, ఆ నవల మీ చేతికి రావడం మంచిదే అయింది. కానీ మీరు యెజిడేను మాత్రమే చూశారు. నా దృష్టి ఆమె భర్త అకిన్ మీదే నిలిచిపోయింది.

చదువుకున్నవాడు, భార్యంటే ప్రాణం. నైజీరియాలోని ఇలేషా పట్టణంలో వాళ్ల సంసారం. ఇంటికి రెండో భార్యగా ఫున్మీని తీసుకొచ్చినప్పుడు అతను గట్టిగా అడ్డుపడడు. యెజిడే బిడ్డ కోసం తెల్లమేకను వెంటబెట్టుకుని కొండెక్కుతుంది. అక్కడి ప్రవక్త మాట నమ్మి, ఆ మేకపిల్లకే పాలిస్తుంది. తర్వాత కడుపు పండిందనుకుంటుంది. స్కానింగులో బిడ్డ లేదని చెప్పినా నెలల తరబడి నమ్మదు. పిల్లల కోసం అంత తపించిన మనిషికి మనసు అలా మోసం చేయడం నిజంగా జరుగుతుంది. ఆమెను వెర్రిదనుకోకండి. ఇంత జరుగుతున్నా, లోపం తనదేనని అకిన్‌కు తెలుసు. నోరు విప్పడు. చివరికి సొంత తమ్ముణ్నే భార్య దగ్గరకు పంపే ఏర్పాటు చేస్తాడు కానీ, నిజం మాత్రం చెప్పడు.

అక్కడి యొరుబా జాతి వాళ్ల ఇళ్లలో బిడ్డ లేని కోడలి మీద ఎంత ఒత్తిడి ఉంటుందో ఆ నవల చూపిస్తుంది. అయినా ఆ కాపురాన్ని కూల్చింది ఒక్క అత్తగారే కాదు, భర్త దాచిన నిజం కూడా.

మీవారూ అలాగే దాస్తున్నారని నేననడం లేదు. భయం కావచ్చు, బిడియం కావచ్చు. అయితే మీ ఉత్తరంలో అన్ని పరీక్షల పేర్లూ ఉన్నాయి, పడకగది మాట ఒక్కటీ లేదు. అక్కడ ఇబ్బంది ఏమైనా ఉంటే డాక్టరుకు దాచకండి. దానికి వైద్యం ఉంది. కలిసి ఉంటూ ఏడాదైనా గర్భం రాకపోతే ఇద్దరూ పరీక్షలకు వెళ్లాలన్నది వైద్యంలో మామూలు నియమం. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కారణం కూడా ఉంటుంది. వీర్యపరీక్షకు కోతా ఉండదు, సూదీ ఉండదు. 2 నుంచి 7 రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఉండి ల్యాబులో నమూనా ఇస్తే చాలు. తేడా వస్తే మరోసారి చేస్తారు. మీరు ట్యూబుల పరీక్ష నొప్పి భరించారు. ఆయన ఈ మాత్రం చేయలేరా?

అత్తగారు పక్కన లేనప్పుడు, కోపం లేని పూట చూసి అడగండి. ‘లోపం ఎవరిదైనా నేను మీతోనే ఉంటాను, కానీ తెలియకుండా ఉండలేను’ అనండి. ఆయన రిపోర్టు చేతికొచ్చేదాకా కొత్త మొక్కులకూ, నాగప్రతిష్ఠలకూ ఒప్పుకోకండి. దేవుడి మీద కోపంతో కాదు, మీ ఒంట్లో ఓపిక మిగలాలి కాబట్టి.

రెండో పెళ్లి మాటకు మాత్రం మెత్తబడొద్దు. మీరుండగా ఆయన చేసుకునే పెళ్లి హిందూ వివాహ చట్టం, 1955 ప్రకారం చెల్లదు. మీరు సంతకం పెట్టిచ్చినా చెల్లదు. పైగా అది నేరం, 7 ఏళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. ఈ మాట మీ నోటితో చెప్పడం కష్టమైతే, మీ అన్నయ్యతోనో నాన్నగారితోనో చెప్పించండి. బెదిరింపులు మొదలైతే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

ఇక వెళ్లిపోవడం గురించి. యెజిడే వెళ్లిపోయింది బిడ్డల్ని పోగొట్టుకుని, భర్త చేసిన మోసమంతా తెలిశాక. మీరింకా అంతదూరం రాలేదు. ముందు ఆయన్ను అడగండి. రానని మొండికేసినా, పెళ్లి ఆపకపోయినా, కొన్నాళ్లు పుట్టింట్లో ఉండి, లాయరుతో మాట్లాడి అప్పుడు తేల్చుకోండి.