కొత్త కంచె వేశాక బర్రె మేత మానేసింది, ఏం చేయాలి?

సందేహం: నాకు నాలుగు పాడి బర్రెలు, 35 నెల్లూరు గొర్రెలు ఉన్నాయి. మొన్న ఎండాకాలంలో రెండెకరాల చుట్టూ కడీలు పాతించి ముళ్లతీగ కట్టించిన. గొర్రెల వైపు తీగ జాలి వేయించిన. వానలు పడ్డాక మూల కడీలు లోపలికి వాలినయి, తీగ వదులైంది. గడ్డి కోసే మిషను బ్లేడుకు రెండు చోట్ల పళ్లు పడ్డయి, సొప్ప నలుగుతున్నది గానీ తెగుతలేదు. వీటికి తోడు ఏడు నెలల చూడి బర్రె నాలుగు రోజుల నుంచి మేత ముడుతలేదు. పూటకు నాలుగు లీటర్లు ఇచ్చేది లీటరుకు పడిపోయింది. కడుపుబ్బరం అనుకొని వాము, అల్లం తాపినా గుణం లేదు. మూడింటికీ సలహా చెప్పగలరు.
– ఒక రైతు, జగిత్యాల జిల్లా

జవాబు: బర్రె సంగతి మీరు చివర్లో రాశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. కంచె, మిషను వారం ఆగినా పోయేదేమీ లేదు, బర్రె ఆగదు.

బ్లేడుకు పళ్లు పడ్డాయన్నారే, నాకు అనుమానం తగిలింది అక్కడే. సొప్పకు, నేపియర్ గడ్డికి బ్లేడు మొద్దుబారుతుంది తప్ప పళ్లు పడదు. రాయో ఇనుమో తగిలితేనే అలా అవుతుంది. జాలిని కడీలకు కట్టేటప్పుడు పనివాళ్లు బైండింగ్ తీగ మెలేసి, మిగిలిన కొసలు కటింగ్ ప్లేయరుతో తెంపి ఎక్కడివక్కడ వదిలేస్తారు. ఆ గట్టు మీది గడ్డి కోసినప్పుడు ఆ కొసలు మోపులో కలుస్తాయి. మిషను వాటిని ఇంకా పొట్టిగా, రెండు వైపులా సూదిమొనల్లా తరిగి తొట్టిలో పోస్తుంది. మీ బర్రె తీగ ముక్క మింగిందని చూడకుండా ఖాయంగా అనలేను గానీ, మీరు రాసిన లక్షణాలకు డాక్టరు మొదట వెతకాల్సింది దాన్నే.

గొర్రెలకు ఈ బాధ చాలా అరుదు. అవి పెదవులతో ఏరుకొని తింటాయి. బర్రె నాలుకతో చుట్టి లాగి, నమలకుండానే మింగి, తీరిగ్గా నెమరేస్తుంది. మేతతో పోయిన ఇనుప ముక్క బరువుకు రెండో పొట్టలోకి చేరుతుంది. లోపలంతా తేనెపట్టులా గళ్లుండే ఆ పొట్ట ఇంచుమించు నిమిషానికోసారి గట్టిగా ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడల్లా తీగ గోడలోకి దిగుతుంది. గోడకు ముందు పలచటి పొర, దాని అవతలే గుండె. మధ్యలో జానెడు దూరం కూడా ఉండదు. చూడి పెరిగే కొద్దీ గర్భసంచి కడుపును ముందుకు నెడుతుంది కాబట్టి, ఎప్పుడో మింగిన తీగ బాధ కూడా ఏడో నెలకో ఈనే ముందో బయటపడవచ్చు.

ఈ ఉత్తరం అందిన పూటే బర్రె పక్కన నిలబడి పది నిమిషాలు చూడండి. ముంగాళ్ల మోచేతులు పక్కకు తెరిచి, వీపు విల్లులా వంచి నిలబడుతోందా? పడుకునేటప్పుడు మూలుగుతోందా? దిగుడు దారిలో నడవనని మొరాయిస్తోందా? తర్వాత మెడా వీపూ కలిసే చోట చర్మాన్ని రెండు చేతులా పట్టి పైకి లాగండి. బాగున్న పశువు వెంటనే వీపు కిందికి వంచుతుంది. ఈ నొప్పి ఉన్నది వీపు బిర్రబిగించి, ఊపిరి బిగబట్టి మూలుగుతుంది. గంగడోలు దగ్గర నీరు దిగినా, మెడ పక్కన రక్తనాళం వేలు లావున ఉబ్బినా తీగ గుండె పొరను తాకిందని భయపడాలి. ఆ దశ దాటాక బతికించడం మాకూ చాలా కష్టం.

ఇప్పుడే 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవండి, లేదా మీ మండల పశువైద్యుడికి చెప్పండి. ఈలోపు నోట్లో గొట్టం పెట్టి నూనెలు, కషాయాలు తాపడం ఆపేయండి. బలవంతంగా తాపితే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంకో జబ్బు తెస్తాయి. చెరువుకు తోలొద్దు, ఆటోలో ఎక్కించి కుదిపేయొద్దు. ముంగాళ్ల కింద మట్టి పోసి జానెడు ఎత్తు చేసి కదలకుండా కట్టేయండి. కడుపు వెనక్కి జారి, ముందున్న తీగ మీద ఒత్తిడి తగ్గుతుంది.

డాక్టరు ఆంటిబయాటిక్స్ ఇచ్చి, వేలు పొడవు అయస్కాంతాన్ని మింగిస్తారు. అది ఆ పొట్టలోనే కూర్చొని తీగను తనవైపు లాక్కుంటుంది. గోడలో కొంచెమే దిగిన తీగ దీనితోనే వెనక్కి రావచ్చు. రెండు మూడు రోజుల్లో మేత, నెమరు మొదలుకాకపోతే ఆపరేషనే మార్గం. మీకు దగ్గర్లో కోరుట్ల పశువైద్య కళాశాల ఉంది, అక్కడికి తీసుకెళ్లాలా అన్నది చూసిన డాక్టరునే అడగండి. ఆపరేషనంటే భయపడకండి. ఎడమ డొక్కకు మత్తు ఇచ్చి, నిలబెట్టే చేస్తారు. కొన్నేళ్ల కింద ఒక బర్రెకు చేసినప్పుడు మోచేయి దాటేదాకా చెయ్యి లోపలికి పెట్టి, తడిగా వెచ్చగా ఉన్న ఆ తేనెపట్టు గళ్లను ఒక్కోటిగా వేళ్లతో తడుముకుంటూ పోయాను. మూడు మేకులు, ఒక రూపాయి బిళ్ల దొరికాయి, జబ్బు తెచ్చినవి అవి కావు. చివరికి గోడలో గుచ్చుకొని, కొస మాత్రం గోటికి తగిలిన తీగ ముక్క దొరికింది, అంగుళంన్నర ఉంటుంది. ఆ మర్నాడు బర్రె నెమరేసింది. ఆ రైతు కూడా అంతకుముందు నెలే కంచె కట్టించాడట!

ఇక కంచె. మూల కడీని తీగలు రెండు దిక్కుల నుంచీ లాగుతాయి, అందుకే అది లోపలికి ఒరిగింది. ఎంత లోతు పాతినా ఒంటరి కడీ తట్టుకోదు. తీగ పోయే వరసలోనే రెండు వైపులా ఒక్కో సపోర్టు కడీని ఏటవాలుగా, తల మూల కడీకి ఆనేట్టు, కింది కొస నేలలో బండ మీద కూర్చునేట్టు పెట్టించండి. మీది నల్లరేగడైతే వానకు ఉబ్బి ఎండకు బీటలిస్తుంది కాబట్టి గుంత రెండున్నర అడుగులు తీసి, తీసిన మట్టికి బదులు రాళ్లు, మొరం దట్టించాలి. ఎర్రనేలలో రెండడుగులు చాలు. తీగను నడి ఎండలో బిగదీసి కట్టించకండి. 25 డిగ్రీల తేడాకు వంద మీటర్ల తీగ సుమారు మూడు సెంటీమీటర్లు కుదించుకుపోతుంది. ఏప్రిల్‌లో బిగిసిన తీగ డిసెంబరులో కడీనే లాగుతుంది. చల్లటి పొద్దున బిగిస్తే ఎండలకు కాస్త వదులవుతుంది, దానితో నష్టం లేదు.

నెల్లూరు గొర్రెలకు ఉన్ని తీగకు చిక్కుకునే బాధ లేదు గానీ, వేలాడే చెవులు ముళ్లకు చీరుకుంటాయి. జాలిని నేలకు తగిలేట్టు దించి, ముళ్లతీగను దాని పైన మాత్రమే ఉంచండి. గాయమైతే కడిగి మందు రాసి, ధనుర్వాతం సూది గురించి డాక్టరును అడగండి. అడవిపందుల కోసం కంచెకు మోటారు కరెంటు కలపమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది నేరం, పైగా తెల్లారి నీళ్లు పెట్టడానికి వెళ్లే మనిషే దానికి తగులుకుంటాడు.

మిషను దగ్గరికి వెళ్లే ముందు స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు పీకి జేబులో పెట్టుకోండి. బ్లేడు విప్పి ఏటవాలుగా ఉన్న వైపే సాన పట్టించాలి, చదును వైపు ముట్టకూడదు. పళ్లు లోతుగా ఉంటే కొత్తవి కొనండి. కొంటే అన్నీ ఒకేసారి మార్చండి, లేకపోతే బరువు తేడా వచ్చి చక్రం ఊగుతుంది, బేరింగులు పోతాయి. బిగించేటప్పుడు బ్లేడుకూ కింది పట్టీకీ మధ్య పోస్టుకార్డు మందం సందు ఉంచండి. సొప్ప నలుగుతోందంటే పదును పోవడం ఒక కారణం, ఈ సందు పెరగడం రెండోది. బోల్టులు వారానికోసారి చూసుకోండి.

పాత రేడియో స్పీకరులోని అయస్కాంతాన్ని తాడుకు కట్టి, కంచె పొడవునా నేల మీద నెమ్మదిగా ఈడ్చుకుంటూ నడవండి. పది గజాలకోసారి ఎత్తి చూడండి, ఎన్ని ముక్కలు అంటుకున్నాయో లెక్క తెలుస్తుంది. అల్యూమినియం, రాగి తీగ దానికి అంటదు, అవి కంటితోనే ఏరుకోవాలి. అది అయ్యేదాకా ఆ గట్టు గడ్డి కోయొద్దు, కోసి పెట్టిన మోపులుంటే మిషన్లో వేసే ముందు విప్పి దులపండి. మిగతా మూడు బర్రెలూ ఆ గడ్డే తిన్నాయి గనక, డాక్టరు వచ్చినప్పుడు వాటికీ ఒక్కో అయస్కాంతం వేయమని అడగండి. ఒకసారి వేస్తే జీవితాంతం లోపలే ఉంటుంది. వేసిన తేదీ కొట్టం గోడ మీద రాసిపెట్టుకుంటే రేపు బర్రెను అమ్మినప్పుడు కొన్నవాళ్లకు చెప్పొచ్చు, వాళ్లు రెండోది మింగించకుండా ఉంటారు.