స్టెబిలిటీ చాంబర్‌కి తొందర తెలియదు

బుజ్జీ,

నీ మెసేజ్ చూశాను. "పెద్దమ్మా, ఫార్మాస్యూటికల్ సైన్సెస్‌లో బ్యాచిలర్స్, మాస్టర్స్ రెండూ ఐదేళ్లలో అయిపోతాయట, చేరిపోనా?" అని ఒక్క ముక్క అడిగావు. ఫోన్లో చెప్తే సగం విని "సరే సరే" అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గా కూర్చుని చదువు.

చేరు. జవాబు ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా నాన్చడం నాకు చేతకాదు. కానీ ఆ మిగిలే ఏడాది ఎక్కడ నుంచి వస్తోందో తెలుసుకుని చేరు. అది ఆకాశంలోంచి ఊడిపడదు.

లెక్క చిన్నదే. విడివిడిగా చదివితే నాలుగూ రెండూ ఆరేళ్లు. ఈ పద్ధతిలో డిగ్రీ ఆఖరి ఏడాదిలోనే మాస్టర్స్ కోర్సులు మూడో నాలుగో చదువుతావు, ఆ క్రెడిట్లు రెండు డిగ్రీల ఖాతాలోనూ పడతాయి. చాలాచోట్ల మూడో ఏట అప్లై చేయమంటారు, నాలుగు పాయింట్ల స్కేలు ఉన్నచోట జీపీఏ కనీసం 3.0 ఉండాలంటారు. ఇదంతా వాళ్ల కాగితంలో ఉంటుంది. కాగితంలో ఉండనిది ఒకటుంది. క్లాసుల్లో తగ్గేది ఆ మూడు నాలుగు కోర్సులే. అసలు తగ్గేది ల్యాబ్‌లో తప్పులు చేసి దిద్దుకునే టైము.

మామూలుగా రెండేళ్ల మాస్టర్స్‌లో మొదటి ఏడాది మెషీన్లతో పరిచయానికే పోతుంది. కాలమ్ (మందులోని పదార్థాల్ని విడదీసే గొట్టం) పాడుచేస్తాం, మొబైల్ ఫేజ్ (దాంట్లోంచి నడిపే ద్రవం) పీహెచ్ తప్పుగా కలుపుతాం, గైడ్ చేత చీవాట్లు తింటాం. రెండో ఏడాదికి చేయి కుదురుతుంది. నీకు ఆ మొదటి ఏడాది లేదు. దాని బదులు ఉన్నది డిగ్రీ ఆఖరి ఏడాది, అది పరీక్షలతోనే నిండిపోతుంది.

నా సంగతే చెప్తాను. అప్పుడు నాకు డిసొల్యూషన్ టెస్ట్, అంటే మాత్రలోని మందు ఎంత వేగంగా కరుగుతుందో చూసే పరీక్ష, కొత్త. ఆరు వెసెల్స్, ఒక్కోదాంట్లో 900 మిల్లీలీటర్ల మీడియం (మాత్ర కరగాల్సిన ద్రవం), 37 డిగ్రీలు, కలిపే పాడిల్ నిమిషానికి 50 తిరుగుళ్లు. ముప్పై నిమిషాల శాంపిల్‌లో ఐదు వెసెల్స్ బాగానే వచ్చాయి, ఒక్కటి మాత్రం మిగతావాటికి చాలా కిందుంది. మర్నాడు మళ్లీ పెట్టాను. ఈసారి వేరే వెసెల్‌లో తక్కువ. దాన్ని కొట్టేసి సగటు తీసేద్దామనుకున్నాను. మా గైడ్ ఒప్పుకోలేదు, "అంకెలు తర్వాత, ముందు వెసెల్‌లోకి తొంగి చూడు" అన్నారు. చూస్తే మాత్ర చుట్టూ సన్నటి గాలి బుడగలు, పూసల్లా అతుక్కుని ఉన్నాయి. మీడియంలో కరిగి ఉన్న గాలిని తీసేయకుండానే పోసేశాను. బుడగలు కప్పిన చోట నీళ్లు మాత్రను తాకలేదు, తాకని చోట మందు కరగలేదు.

నవ్వొచ్చే సంగతేమిటంటే, కరిగే వేగం ద్రవానికి తగిలే ఉపరితలం మీద ఆధారపడుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే నేను. నోయెస్, విట్నీ 1897లో ఇచ్చిన సమీకరణం దగ్గర్నుంచి మొదలుపెట్టి రెండు పేజీలు నింపాను. కళ్లెదురుగా బుడగలుంటే మాత్రం పోల్చుకోలేకపోయాను. దానికి నాకు పట్టింది తొమ్మిది రోజులు. నాకు ఆ తొమ్మిది రోజులు ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

అందుకని నువ్వు చేయాల్సింది ఒకటే, ల్యాబ్‌లోకి ముందుగా దూరు. రెండో ఏడు అయ్యేలోపే ఎవరో ఒక ప్రొఫెసర్ దగ్గరికెళ్లి వారానికి ఐదారు గంటలు పనిచేస్తానని అడుగు. మొదట్లో గ్లాస్‌వేర్ కడగమంటారు, బఫర్లు (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణాలు) కలపమంటారు. చిన్నతనం అనుకోకు. హెచ్‌పీఎల్‌సీ అని, కాలమ్‌లోంచి ద్రవం నడిపి మందును విడదీసి కొలిచే మెషీన్ ఉంటుంది. దాంట్లో ఫాస్ఫేట్ బఫర్ నడిపాక నీళ్లు ఎక్కువున్న మిశ్రమంతో కడగకుండా నేరుగా అసిటోనైట్రైల్ అనే ద్రావణి ఎక్కిస్తే లోపల ఉప్పు పేరుకుంటుంది, ప్రెషర్ అమాంతం పెరిగి పంపు ఆగిపోతుంది. ఈ ముక్క పుస్తకంలో చదివినవాళ్లు మర్చిపోతారు. ఒకసారి కాలమ్ పోగొట్టుకున్నవాళ్లు మర్చిపోరు. నీ కాలమ్ రెండో ఏట పోతే ఫర్వాలేదు, ఐదో ఏట పోకూడదు.

ఇప్పుడు థీసిస్. దీని గురించే నాకు ఎక్కువ బెంగ. మా ఫీల్డ్‌లోనూ "యాక్సిలరేటెడ్" (వేగవంతం చేసిన) అనే మాట ఒకటుంది, మందు చెడిపోకుండా నిలుస్తుందో లేదో చూసే స్టెబిలిటీ పరీక్షకి. 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉండే పెట్టెలో, అదే స్టెబిలిటీ చాంబర్‌లో, మందును ఆరు నెలలు ఉంచి, మొదట్లో, మూడో నెలలో, ఆరో నెలలో తీసి చూస్తారు. వేగంగా చేసే పరీక్షకే ఆరు నెలలు! నువ్వు ఏ కోర్సులో ఉన్నావో చాంబర్‌కి తెలియదు. సెప్టెంబర్‌లో శాంపిల్స్ పెడితే ఆఖరివి చేతికొచ్చేది మార్చిలో. వాటిని అనలైజ్ చేసి, చాప్టర్ రాసి, ఏప్రిల్‌లో సబ్మిట్ చేయాలి. చాంబర్‌లో చోటు దొరకలేదని నవంబర్‌కి జరిగిందనుకో, మేలో తీస్తావు, అప్పటికి గడువు దాటిపోతుంది. కాబట్టి స్టెబిలిటీ ఉన్న టాపిక్ ఎవరైనా ఇస్తే "శాంపిల్స్ ఎప్పుడు లోడ్ చేస్తాం?" అని ముందే అడుగు. నాలుగో ఏట వేసవిలోనే పెట్టేస్తాం అంటే పుచ్చుకో. "చూద్దాం" అంటే వేరే టాపిక్ అడుగు. జంతువుల మీద ప్రయోగాలున్న టాపిక్ కూడా అంతే, ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి.

థీసిస్ లేకుండా కోర్సులతోనే ముగించే దారి కూడా కొన్నిచోట్ల ఉంటుంది. రెగ్యులేటరీ, క్వాలిటీ ఉద్యోగాలకి అది తక్కువేమీ కాదు. నీకు పీహెచ్‌డీ ఆలోచన ఉంటే మాత్రం థీసిస్ వదలకు. నువ్వేమో ఉద్యోగం, పీహెచ్‌డీ రెండూ కావాలంటావు, నాకు తెలుసు.

రెండు డిగ్రీలకీ లెక్కలోకొచ్చే ఆ కోర్సులు ఏవి తీసుకోవాలో కూడా చూసుకో. తేలికైనవి ఏరుకోకు. ఫిజికల్ ఫార్మసీ (మందు స్ఫటికం, కరగడం లాంటి భౌతిక గుణాల కోర్సు) ఉంటే కళ్లు మూసుకుని తీసుకో. ఎందుకో చెప్తాను. రిటోనవిర్ అని హెచ్ఐవీ మందు ఉంది, 1996లో మార్కెట్లోకి వచ్చింది. రెండేళ్లు బాగానే నడిచింది. 1998లో ఉన్నట్టుండి క్యాప్సూల్స్ డిసొల్యూషన్‌లో ఫెయిలవడం మొదలైంది. చూస్తే అదే అణువు, కానీ స్ఫటికం వేరు. అంతకుముందు ఎవరూ చూడని రెండో రూపం, మొదటిదానికంటే తక్కువ కరుగుతుంది. ఆ క్యాప్సూల్స్‌ని ఆపేసి, ఫార్ములేషన్ మళ్లీ మొదట్నుంచి చేసుకోవాల్సొచ్చింది. ఇలా ఒకే అణువు వేర్వేరు స్ఫటికాలుగా ఏర్పడటాన్ని పాలీమార్ఫిజం అంటారు. అది పరీక్షకి రెండు మార్కుల ప్రశ్న అనుకునేవాళ్లకి నేను చెప్పే కథ ఇదే. ఫార్మకోకైనెటిక్స్ (మందు ఒంట్లోకి ఎలా చేరి ఎలా బయటికెళ్తుందో లెక్కగట్టేది) కూడా తీసుకో, కాకపోతే కాలిక్యులస్, స్టాటిస్టిక్స్ ముందు పూర్తిచేసి తీసుకో. సమీకరణాల దగ్గర చతికిలబడి జీపీఏ పోగొట్టుకున్నవాళ్లని చూశాను. గ్రాడ్యుయేట్ కోర్సులో సీ గ్రేడ్ వస్తే ఆ క్రెడిట్ మాస్టర్స్‌కి పనికిరాదనే చోట్లు చాలా ఉన్నాయి.

ఆఫీసులో రాతపూర్వకంగా అడగాల్సినవి రెండున్నాయి. నాలుగో ఏడు అవగానే బ్యాచిలర్స్ పట్టా చేతికిస్తారా, లేక ఐదో ఏట రెండూ కలిపే ఇస్తారా? కలిపి ఇచ్చేచోట మధ్యలో ఒంట్లో బాగోకో, ఇంట్లో ఇబ్బంది వచ్చో ఆగిపోతే ఏం చేతికొస్తుందో తెలుసుకో. రెండోది డబ్బు. ఏ రోజు నుంచి నిన్ను గ్రాడ్యుయేట్ స్టూడెంట్‌గా లెక్కేస్తారో ఆ రోజు నుంచి డిగ్రీ స్కాలర్‌షిప్ ఆగిపోవచ్చు, ఫీజు రేటూ మారొచ్చు. సెమిస్టర్ మధ్యలో తెలిస్తే ఏడుపే.

ఇంకొకటి, మీ అమ్మ కోసం. ఈ రెండు పట్టాలతో నువ్వు మందుల షాపులో ఫార్మసిస్ట్‌వి అయిపోతావని ఆవిడ అనుకుంటోంది. ఆ లైసెన్స్ దారి వేరు. అమెరికాలాంటి చోట దానికి ఫార్మ్‌డీ చదవాలి. నీది మందు తయారుచేసే వైపు, పరీక్షించే వైపు. నువ్వే విడమర్చి చెప్పు, నేను చెప్తే మా అక్కచెల్లెళ్ల పాత పంచాయితీలోకి వెళ్తుంది.

గైడ్‌ని ఎంచుకునేముందు ఆయన దగ్గర చదువుతున్న సీనియర్లతో మాట్లాడు. "సార్ మంచివారా?" అని అడగకు, అందరూ అవుననే అంటారు. "డ్రాఫ్ట్ ఇస్తే ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు? హెచ్‌పీఎల్‌సీ ఎంతమంది వాడతారు, బుకింగ్ ఎలా?" అని అడుగు. ఒక్క మెషీన్‌కి పదిమంది క్యూలో ఉంటే నీ ఐదో ఏడు ఆ క్యూలోనే గడిచిపోతుంది.

ల్యాబ్ నోట్‌బుక్‌లో పెన్నుతోనే రాయి, ఆ రోజు పని ఆ రోజే. తప్పు రాస్తే ఒకే గీత కొట్టి పక్కన సంతకం, తేదీ వెయ్యి. వైట్‌నర్ నీ బ్యాగులో కనబడకూడదు.

ప్రొఫెసర్‌కి రాయబోయే మెయిల్ పంపేముందు నాకు చూపించు. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టి మూడు పేరాలు పొగడకు. వాళ్ల పేపరు ఒకటి చదివి, అందులో నీకు అర్థంకాని పాయింటు ఒకటి అడుగు. ఆదివారం సాయంత్రం ఖాళీగా ఉంటాను, ఆ పేపరు కూడా పట్టుకురా.

మీ పెద్దమ్మ