నెస్టెడ్ అడిగి నెస్టింగ్ వేశారు

ప్రశ్న: మాది రావులపాలెం. ఆత్రేయపురంలో మా పెద్దమ్మ వాళ్ల పూతరేకుల కొట్టుకు వెబ్‌సైట్ చేస్తున్నాను. స్టైల్స్ ఒకదాని లోపల ఒకటి రాసుకుందామని పోస్ట్‌సీఎస్‌ఎస్‌కు (సీఎస్‌ఎస్‌ను బిల్డ్‌లో మార్చిపెట్టే సాధనం) ప్లగిన్ పెట్టాను. ఫ్రెండ్ వాట్సాప్‌లో పంపిన స్క్రీన్‌షాట్ చూసి కమాండ్ కొట్టాను. బిల్డ్‌లో ఎర్రర్ లేదు, కానీ సగం స్టైల్స్ పట్టడం లేదు. ప్రాజెక్ట్ ఫోల్డర్ జతచేస్తున్నాను.

జవాబు: ఇదే గొడవతో ఇంతకుముందూ ఉత్తరాలు వచ్చాయి. మీరు వేసింది పోస్ట్‌సీఎస్‌ఎస్-నెస్టింగ్. మీకు కావలసింది పోస్ట్‌సీఎస్‌ఎస్-నెస్టెడ్. నెస్టెడ్‌ది సాస్ (సీఎస్‌ఎస్ రాసే మరో భాష) పద్ధతి: .డబ్బా లోపల &__ధర అని రాస్తే .డబ్బా__ధర అని అతికిస్తుంది. నెస్టింగ్ బ్రౌజర్ల ప్రమాణాన్ని పాటిస్తుంది. అందులో అతికించడం లేదు. __ధర అనేది ట్యాగ్ పేరనుకుని, డబ్బా క్లాస్ ఉన్న ఆ ట్యాగ్ కోసం బ్రౌజర్ వెతుకుతుంది, దొరక్కపోతే నోరు మెదపదు. ఇంత దగ్గర పేర్లు పెట్టి, తప్పు జరిగినప్పుడు ఒక్క హెచ్చరికైనా ఇవ్వకపోతే వాడేవాడికి ఎలా తెలుస్తుంది?

పాతది తీసేసి నెస్టెడ్ వేయండి. పోస్ట్‌సీఎస్‌ఎస్‌ను కూడా విడిగా వేసుకోవాలి. 2020లో వచ్చిన 8వ వెర్షన్ నుంచి ప్లగిన్లు దాన్ని వెంట తీసుకురావడం మానేశాయి. కాన్ఫిగ్‌లో ఇంపోర్ట్ (ఫైళ్లను కలిపే ప్లగిన్) ముందు, తర్వాత నెస్టెడ్, చివర ఆటోప్రిఫిక్సర్ (పాత బ్రౌజర్లకు కావలసిన ప్రిఫిక్స్‌లు చేర్చేది). డెవ్ సర్వర్‌ను ఆపి మళ్లీ నడపండి. అన్నట్టు, మీ ఫైల్లో ఒకచోట ఏడు మడతలు కనిపించాయి. పొరలు పూతరేకుకు అందం గానీ సెలెక్టర్‌కు కాదు.

మీ సందేహం తీరింది. ఇక నా టెన్షన్ వినండి.

స్క్రీన్‌షాట్ చూసి పేరు చేత్తో కొట్టారు. ఈసారి తగిలింది మంచి ప్యాకేజీయే. ఒక్క అక్షరం తేడాతో నకిలీ పేరు పెట్టుకుని కాచుకునేవాళ్లు ఉన్నారు. ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు తెచ్చే సాధనం) ఇన్‌స్టాల్ అంటే ఫైళ్లు దించుకోవడం ఒక్కటే అనుకుంటారు చాలామంది. మనలో ఎక్కువమంది వాడే వెర్షన్లలో, ప్యాకేజీలో పోస్ట్‌ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ (ఇన్‌స్టాల్ అవ్వగానే నడిచే కోడ్) ఉంటే అది అడగకుండానే మీ కంప్యూటర్‌లో నడుస్తుంది. పేరు సరిగ్గా కొట్టినా ప్రమాదం పోదు. యూఏ-పార్సర్-జేఎస్ అందరూ నమ్మి వాడిన ప్యాకేజీ. 2021 అక్టోబరులో దాని ఖాతా దొంగల చేతిలో పడి, పాస్‌వర్డ్‌లు కాజేసే కోడ్‌తో కొత్త వెర్షన్లు వచ్చాయి. 2025 సెప్టెంబరులో చాక్, డీబగ్ ప్యాకేజీల ఖాతా కూడా ఇలాగే దొంగల చేతిలో పడింది. వాటిని చూసుకునే డెవలపర్‌కు వచ్చిన ఒక దొంగ మెయిల్‌తోనే అదంతా మొదలైంది.

అందుకని పేరును ప్యాకేజీ అసలు పేజీ నుంచి కాపీ చేసుకోండి. ఇన్‌స్టాల్ కమాండ్ చివర ఇగ్నోర్-స్క్రిప్ట్స్ (--ignore-scripts) తగిలించండి, ఆ స్క్రిప్టులు నడవవు. ఈ ప్లగిన్‌కు ఏ స్క్రిప్టూ అక్కర్లేదు. ఏ ప్యాకేజీ ఏ వెర్షనో రాసి ఉండే లాక్ ఫైల్‌ను గిట్‌లో పెట్టి, తర్వాత నుంచి సరిగ్గా ఆ వెర్షన్లనే వేసే ఎన్‌పీఎం సీఐ వాడండి. మన వైపు కొట్లలో ఉండేది ఒకటే కంప్యూటర్. పగలు బిల్లులు, సాయంత్రం పిల్లల గేమ్స్, రాత్రి మీలాంటివాళ్ల కోడింగ్. దానిమీదే బ్యాంకు లాగిన్ కూడా.

ఇంతకీ మీరు జతచేసిన ఫోల్డర్‌లో ఎన్వ్ ఫైల్ (రహస్య కీలు దాచుకునేది) కూడా ఉంది. తెరిస్తే పెద్దమ్మగారి పేమెంట్ గేట్‌వే సీక్రెట్ కీ నా ఎదురుగా! ఊరికి కొత్తగా వచ్చినవాడికి గల్లాపెట్టె తాళం ఇచ్చి ‘కాస్త చూస్తుండండి’ అన్నట్టుంది. నేను డిలీట్ చేశాను. మీ సెంట్ మెయిల్స్‌లో మాత్రం అది అలాగే ఉంటుంది.

‘ఇప్పుడు బ్రౌజర్లకే నెస్టింగ్ వచ్చిందిగా, ప్లగిన్ ఎందుకు?’ అని కొందరంటారు. నిజమే, 2023లో క్రోమ్ 112, సఫారీ 16.5, ఫైర్‌ఫాక్స్ 117లతో వచ్చింది. కానీ లోపల ట్యాగ్ పేరు నేరుగా రాసుకోవడం క్రోమ్‌లో 120 నుంచే కుదిరింది. ఆండ్రాయిడ్ 7 ఫోన్లలో క్రోమ్ 119 దగ్గరే ఆగిపోయింది. బ్యాటరీ, స్క్రీన్ అన్నీ బాగున్న ఫోన్‌ను అప్‌డేట్లు ఆపేసి ముసలిదాన్ని చేసే ఈ పద్ధతి నాకు నచ్చదు. గోదావరి లంకల్లో అలాంటి ఫోన్‌తోనే పూతరేకులు ఆర్డర్ పెట్టేవాళ్లుంటారు, వాళ్లకు మీ పేజీ చెదిరిపోకూడదు.

కాబట్టి మడతలు విప్పి మామూలు సీఎస్‌ఎస్‌గా మార్చే ఆ ప్లగిన్ ఉంచండి. ఆ కీ మాత్రం ఈ పూటే మార్చి, సంగతి పెద్దమ్మగారికి చెప్పండి.